తల తిరుగుతోందా? బీపీ ఒక్కటే చూసి వదిలేయకండి

తల తిరిగిందంటే మన దగ్గర ముందు బీపీ చూస్తారు. అది బాగుంటే మెడకు ఎక్స్‌రే. చెవి సంగతి అడిగేసరికి నెలలు గడిచిపోతాయి. నెల్లూరులో ఈఎన్‌టీ డాక్టరుగా నేను తరచూ వినే మాటలివి.

అపోహ: మెడ పూసలు అరిగాయి, అందుకే తిరుగుతోంది.

వాస్తవం: యాభై దాటిన చాలామందికి ఎక్స్‌రేలో పూసలు అరిగినట్టే కనిపిస్తాయి, తల తిరగనివాళ్లకు కూడా. "సార్, పక్కకి ఒత్తిగిలితే చాలు, ఇల్లంతా గిర్రున తిరగతా ఉండాది" అంటే నా అనుమానం ముందు చెవి మీదికే పోతుంది. లోపలి చెవిలో సన్నటి కాల్షియం పలుకులుంటాయి. అవి ఊడి పక్కనున్న నాళాల్లోకి జారితే, తల కదిపినప్పుడల్లా కాసేపు గిర్రున తిరిగే బీపీపీవీ అనే జబ్బు వస్తుంది. అది తేల్చుకోవడానికి మనిషిని కూర్చోబెట్టి, తల పక్కకు తిప్పి, గబుక్కున వెనక్కి పడుకోబెడతాం. ఈ జబ్బు ఉంటే కొన్ని సెకన్లకు కనుగుడ్లు మెలితిరుగుతూ అదురుతాయి, సాధారణంగా నిమిషంలోపే ఆగిపోతాయి. దీనికి స్కానింగ్ అక్కర్లేదు.

అపోహ: జీవితాంతం మాత్రలు వేసుకోవాల్సిందే.

వాస్తవం: బీపీపీవీకి మాత్రలతో పెద్దగా పని లేదు. తలను వరసగా కొన్ని భంగిమల్లో తిప్పి పలుకుల్ని వెనక్కి పంపే ఎప్లీ పద్ధతి ఉంది. చాలామందికి ఒకటి రెండు సార్లకే తగ్గుతుంది. మళ్లీ వస్తే మళ్లీ చేయించుకోవచ్చు. నాకు బాధనిపించేది తిరుగుడు, వాంతులు ఆపే ప్రోక్లోర్‌పెరజీన్ మాత్రలు మెడికల్ షాపులో కొనుక్కుని నెలల తరబడి మింగే పెద్దవాళ్లను చూసినప్పుడు. వాంతులతో సతమతమయ్యే రెండు మూడు రోజులకు ఆ మందు మంచిదే. అదే పనిగా వాడితే మెదడు బ్యాలెన్స్ సర్దుకోవడం ఆలస్యమవుతుంది. వయసు మళ్లినవాళ్లకు చేతులు వణకడం, నడక బిగుసుకుపోవడం కూడా రావచ్చు.

అపోహ: కాచిన వెల్లుల్లి నూనె చెవిలో పోస్తే తగ్గుతుంది.

వాస్తవం: కర్ణభేరి దాటి నూనె లోపలి చెవికి పోదు. కర్ణభేరికి చిల్లు ఉంటే మాత్రం చీము పట్టొచ్చు. దయచేసి పోయకండి.

అపోహ: ఎలాంటి తిరుగుడైనా చెవిదే, ఆగి చూద్దాం.

వాస్తవం: మాట ముద్దగా రావడం, మూతి వంకర పోవడం, ఒకటి రెండుగా కనబడడం, నిలబడలేకపోవడం తోడైతే పక్షవాతం కావచ్చు. వెంటనే 108కి ఫోన్ చేయండి.

అపోహ: మెనియర్స్ వ్యాధి వస్తే ఇక చేసేదేమీ లేదు.

వాస్తవం: ఇదీ లోపలి చెవి జబ్బే. ఇందులో తిరుగుడు ఇరవై నిమిషాల నుంచి గంటల తరబడి ఉంటుంది. చెవి దిబ్బడ, హోరు, వినికిడి ఎక్కువ తక్కువలవడం తోడుంటాయి. పూర్తిగా పోగొట్టే మందు లేదు గానీ, చాలామందిలో అదుపులో ఉంచొచ్చు. ఉప్పు తగ్గిస్తే అందరికీ గుణం కనిపిస్తుందని చెప్పలేను, అయినా ప్రయత్నించమంటాను. చేపల పులుసు మానక్కర్లేదు, అందులో ఉప్పు తగ్గించండి. ఎండుచేపలు, ఊరగాయ, అప్పడాలు, ఊరమిరపకాయలు బాగా తగ్గించాలి. ఎటాక్ ఎప్పుడొచ్చింది, ఎంతసేపుంది అన్నది ఒక నోట్‌బుక్‌లో రాసుకుని వస్తే మాకు సగం పని తేలికవుతుంది. వినికిడి పరీక్ష మధ్యమధ్యలో చేయించుకోండి. రొయ్యల చెరువుల కాడ పనిచేసేవాళ్లు ఎటాక్‌లు వస్తున్నన్నాళ్లు రాత్రి కాపలా ఇంకొకరికి అప్పగించండి. చీకట్లో కంటి ఆసరా ఉండదు కాబట్టి గట్టు మీద అదుపు తప్పడం తేలిక. ఒంటరిగా నీళ్లలో దిగొద్దు, నిచ్చెన ఎక్కొద్దు, బైక్ విషయం డాక్టర్‌ని అడిగాకే.