కురిచేడు తర్వాత కూడా మనం షాపుల గురించే మాట్లాడుకుంటున్నాం

మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో మద్యం గొడవ మళ్ళీ రేగింది. 2024 అక్టోబర్‌లో ప్రైవేటు షాపులు తిరిగొచ్చి క్వార్టర్ 99 రూపాయలకి దొరకడం మొదలైన దగ్గర్నుంచి బెల్టుషాపులు ఎత్తేయమని ఆడవాళ్ళు ఒకవైపు, మూస్తే నాటుసారా వస్తుంది పక్క రాష్ట్రం సరుకు దిగుతుంది అనేవాళ్ళు ఇంకోవైపు. సారా మీద తిరగబడ్డ దూబగుంట రోశమ్మ, అక్షరదీపం చదువులు, సారా వేలంపాటలు ఆపించడం, 1992 నాటి ఆ ఉద్యమం ఇదంతా మనోళ్ళకి నేను చెప్పక్కర్లేదు. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా ఆగింది, 1995 జనవరిలో పూర్తి నిషేధం వచ్చింది, 1997లో ఎత్తేశారు. ఇవాళ్టి గొడవ అర్థం కావాలంటే మాత్రం 1992 కన్నా 2020 జులై చూడాలని నా అభిప్రాయం.

అప్పుడు మన ప్రకాశం జిల్లా కురిచేడులో కరోనా కేసులొచ్చి కంటైన్‌మెంట్ పెట్టారు, మందు షాపులు మూసేశారు. కొంతమంది సానిటైజర్ కొనుక్కుని నీళ్ళల్లో, కూల్‌డ్రింకుల్లో కలుపుకుని తాగారు. నెలాఖరుకి చావులు మొదలయ్యాయి, పదిమందికి పైగా పోయారు. గుడి దగ్గర అడుక్కునేవాళ్ళు, రోజుకూలీలు, అంతా చేతిలో పైసా ఆడని జనం. అప్పుడు టీవీల్లో వచ్చిన మాట ఒకటే, సానిటైజర్ ఎవరన్నా తాగుతారా అని. ఇంకో వాదన, రేట్లు పెంచారు కాబట్టే ఇలా అయింది అని. మే నెలలో షాపులు తెరిచిన రెండ్రోజుల్లోనే రేట్లు 75 శాతం పెరిగిన మాట నిజమే, కానీ మందు దొరకనంత మాత్రాన మనిషి సానిటైజర్ దాకా ఎందుకు పోతాడు అనేది ఆ వాదనలో యాడా లేదు.

ఏళ్ళ తరబడి రోజూ తాగే ఒంటికి మందు ఒక్కసారిగా ఆగిపోతే, ఆరేడు గంటల నుంచే చేతులు వణకడం, చెమటలు, వాంతులు, నిద్ర లేకపోవడం మొదలవుతాయి. ఒకటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులయ్యాక కొంతమందికి లేనివి కనిపించడం, గోడ మీద పురుగులు పాకుతున్నాయనడం, ఇంట్లోవాళ్ళని గుర్తుపట్టకపోవడం, దాన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు, వైద్యం అందకపోతే ప్రాణం పోతుంది. ఆ ఏడాది మార్చిలో లాక్‌డౌన్ పెట్టిన వారంలోపే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి ఇలాంటివాళ్ళు బారులు కట్టారు. అంటే కురిచేడుకి నాలుగు నెలల ముందే విషయం అందరికీ కనిపించింది. షాపు ఎప్పుడు తెరవాలి, ఎంత రేటు పెట్టాలి అని మాట్లాడారే గానీ మండలంలో పీహెచ్‌సీకి, అంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి, ఈ వణుకు, ఫిట్స్ ఆపే బిళ్ళలు పంపండని గట్టిగా అడిగినవాళ్ళు తక్కువ.

ఇక్కడ ఆడవాళ్ళ మాట కొంచెం ఎక్కువ వినాలి, ఎందుకంటే జబ్బు మొదట కనిపెట్టేది వాళ్ళే. పొద్దున లేవగానే ఒక పెగ్గు పడితేగానీ టీ గ్లాసు పట్టుకోలేడు, ముందు క్వార్టర్‌తో సరిపోయేవాడికి ఇప్పుడు ఫుల్ కావాలి, మానేస్తానని పిల్లల మీద ఒట్టేసి రెండోరోజే తప్పుతాడు, కూలి డబ్బులు ఇంటికి రాకముందే అయిపోతాయి. డాక్టర్లు డిపెండెన్స్, అంటే మందుకి బానిసవడం, అని రాసుకునే లక్షణాలు ఇవే, పెళ్ళాలు పదేళ్ళ నుంచి చెప్తున్నది కూడా ఇదే. కాకపోతే ఊళ్ళో దానికి వైద్యం అంటే ఒట్టు, పసరు, తాయెత్తు, లేకపోతే అయ్యప్ప మాల. మాలలో 41 రోజులు నిజంగా మానేసినవాళ్ళు ఉన్నారు, నేను కాదనను, కానీ బాగా అలవాటు పడినవాడు మాల వేసుకున్న మొదటి వారంలోనే వణుకు, ఫిట్స్ వస్తే అది స్వామి పరీక్ష కాదు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఇంకొకటి, మెడికల్ షాపులో తాగుడు మాన్పించే డైసల్ఫిరామ్ బిళ్ళలు తెచ్చి తెలియకుండా కూరలో కలిపేవాళ్ళున్నారమ్మా, దయచేసి వద్దు. ఆ మనిషి దాని మీద తాగితే బీపీ పడిపోయి ప్రాణం మీదకి రావచ్చు, అది మనిషికి చెప్పి, ఒప్పించి, డాక్టర్ చూస్తూ వాడాల్సిన మందు.

సరైన వైద్యం అంత కష్టమైనది కూడా కాదు. మొదటి వారం పది రోజులు వణుకు, ఫిట్స్ రాకుండా క్లోర్‌డయాజిపాక్సైడ్ లాంటి బిళ్ళలు ఇచ్చి మెల్లగా తగ్గిస్తారు, మెదడు దెబ్బతినకుండా థయమిన్ అంటే విటమిన్ బి1 ఇస్తారు, ఆ తర్వాత కోరిక తగ్గడానికి నాల్‌ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాంటివి, వాటితోపాటు నెలల తరబడి కౌన్సెలింగ్. మళ్ళీ తాగితే అంతా పోయినట్టు కాదు, బీపీ షుగర్ లాగే మళ్ళీ మొదలుపెట్టాల్సిన వైద్యం. నెల్లూరు పెద్దాసుపత్రిలో, ఒంగోలు రిమ్స్‌లో సైకియాట్రీ విభాగాలున్నాయి. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం కూడా మద్యం వల్ల వచ్చే మానసిక సమస్యల్ని జబ్బుగానే చూస్తుంది, కాళ్ళూ చేతులూ కట్టి తీసుకుపోయి గదిలో పడేసే సెంటర్లకి ఆ చట్టంలో చోటు లేదు. వెళ్ళడానికి ముందు ఎవరితోనైనా మాట్లాడాలంటే 14416 టెలీ మానస్, 14446 డీఅడిక్షన్ హెల్ప్‌లైన్, రెండూ ఉచితమే.

కేంద్రం ఎయిమ్స్ చేత చేయించి 2019లో బయటపెట్టిన సర్వేలో మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక వైద్యం అందిందని తేలింది. మిగతా 37 మంది ఇళ్ళల్లోనే ఉన్నారు, షాపు తెరిచినా మూసినా. షాపులోళ్ళు లైసెన్సు ఫీజు కట్టాం అంటారు, సర్కారుకి ఆదాయం కావాలి, ఆ లెక్కలు వాళ్ళకున్నాయి. బెల్టుషాపు తీసేయాలని అర్జీ పట్టుకుని పోయే అక్కలకి నా పూర్తి మద్దతు, తీసేయాల్సిందే. కాకపోతే అదే అర్జీలో రెండో లైను కూడా రాయండి: మా మండలం పీహెచ్‌సీలో ఈ మందులు పెట్టండి, వారానికొకసారైనా సైకియాట్రీ డాక్టర్ని పంపండి, అదీ షాపు మూసే తేదీకి ముందే.