జొన్న రొట్టెలో ల్యూసిన్, జిమ్ డబ్బాలో ల్యూసిన్

మహబూబ్‌నగర్‌లో ఉంటున్న మా మేనల్లుడు రోజూ సాయంత్రం జిమ్‌కు వెళ్తాడు. చేతిలో ఒక సీసా, అందులో నీలం రంగు నీళ్లు. ఆ నీళ్లలో కలిపే పొడి డబ్బాకు రెండు వేల రూపాయల పైనే అవుతుంది, నెల తిరక్కుండానే అడుగంటుతుంది. మొన్న ఆ డబ్బా నా చేతికిచ్చి, "మామా, ఇందులో ఏముందో చదివి చెప్పు" అన్నాడు. ల్యూసిన్, ఐసోల్యూసిన్, వేలిన్. శాఖల్లాంటి అణు నిర్మాణం ఉన్న ఈ మూడు అమైనో ఆమ్లాలనే జిమ్ కుర్రాళ్లు బీసీఏఏ అంటారు. ల్యూసిన్ పేరు చూడగానే నాకు జొన్నలు గుర్తొచ్చాయి.

ప్రోటీన్లను మన శరీరం 20 రకాల అమైనో ఆమ్లాలతో అల్లుకుంటుంది. వాటిలో తొమ్మిదింటిని తానుగా తయారుచేసుకోలేదు, తిండి నుంచే రావాలి. ల్యూసిన్ ఆ తొమ్మిదిలో ఒకటి. 1820లో ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు హెన్రీ బ్రాకొనో మాంసాన్ని గంధకామ్లంతో ఉడికించి తెల్లటి స్ఫటికాలు రాబట్టాడు. తెలుపును సూచించే గ్రీకు మాట నుంచి దానికి ఈ పేరు వచ్చింది.

పాలమూరు తాతముత్తాతలు గటకగా, రొట్టెగా తిన్న జొన్నలో ఈ ల్యూసిన్‌కు లోటు లేదు. మనిషికి కావలసిన లెక్క ప్రకారం 100 గ్రాముల ప్రోటీన్‌లో ల్యూసిన్ సుమారు 6 గ్రాములుంటే చాలు. జొన్న ప్రోటీన్‌లో 13 గ్రాముల దాకా ఉంటుంది. అయితే లైసిన్ అనే మరో అత్యవసర అమైనో ఆమ్లం నాలుగున్నర గ్రాములు ఉండాల్సిన చోట రెండు గ్రాములకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. జొన్న తప్ప మరొకటి దొరకని దక్కన్ పేదల్లో ఒకప్పుడు పెల్లాగ్రా కనిపించేది. ఎండ తగిలే మెడ, చేతుల మీద చర్మం నల్లబడి పెచ్చులూడేది, విరేచనాలు పట్టుకునేవి, ముదిరితే మతి చలించేది. నయాసిన్ విటమిన్ లోపంతో వచ్చే జబ్బు ఇది. ఆ విటమిన్‌ను శరీరం ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం నుంచి కూడా కొంత తయారుచేసుకుంటుంది. జొన్నలోని ల్యూసిన్ అధిక మోతాదే ఆ తయారీని చెడగొడుతోందని 1960లో హైదరాబాద్ పోషకాహార పరిశోధకుడు సి. గోపాలన్, ఆయన సహచరుడు లాన్సెట్ పత్రికలో ప్రతిపాదించారు. తర్వాతి ప్రయోగాల్లో కొన్ని ఆ వాదనను సమర్థించలేదు. అయినా అందులోని ప్రశ్నను నేను ఈనాటికీ విలువైనదిగానే చూస్తాను: మిగతావి తగినంత లేకుండా ఒక్క అమైనో ఆమ్లమే మితిమీరితే శరీరం ఏం చేస్తుంది? బీసీఏఏ తాగితే పెల్లాగ్రా వస్తుందని నేను అనడం లేదు. పప్పు, గుడ్డు, పాలు తినేవాడికి ఆ భయం అక్కర్లేదు. అడగాల్సింది ఆ మూడింటితోనే కండ పెరుగుతుందా అని.

ల్యూసిన్‌కు నిజంగానే ఒక ప్రత్యేకత ఉంది. కణంలో సెస్ట్రిన్ అనే ప్రోటీన్ ల్యూసిన్ వచ్చిందని పసిగడుతుంది. ఆ కబురు ఎంటార్ అనే నియంత్రక వ్యవస్థకు చేరగానే కొత్త ప్రోటీన్ల అల్లిక ఊపందుకుంటుంది. దేశమంతా తిరిగి ఆనకట్టలకూ కాలువలకూ మట్టి మోసిన పాలమూరు కూలీల గుంపుల్లో ఒక మేస్త్రి ఉండేవాడు. అతను కేక వేస్తేనే పని మొదలయ్యేది. ల్యూసిన్ అలాంటి గుంపు మేస్త్రి. కానీ కేక ఎంత గట్టిగా వేసినా, తట్ట ఎత్తే కూలీలు రాకపోతే కట్ట ఒక్క జానెడు కూడా లేవదు. కండర ప్రోటీన్ అల్లికకు తొమ్మిదీ కావాలి. బీసీఏఏ నీళ్లలో ఉన్నవి మూడే. మిగతా ఆరు ఎక్కడినుంచి రావాలి? కడుపులో తిండి లేకపోతే శరీరం తన సొంత కండరాన్నే కరిగించి వాటిని తెచ్చుకుంటుంది. ఒక చెరువు కట్టను తవ్వి మరో చెరువు కట్ట పోసినట్టే!

ఈ వాదనను ప్రోటీన్ల మీద పనిచేసే అమెరికా పరిశోధకుడు రాబర్ట్ వుల్ఫ్ 2017లో ఒక సమీక్షలో వివరంగా ముందుకు తెచ్చారు. అదే ఏడాది బ్రిటన్‌లో ఒక ప్రయోగం జరిగింది. బరువులెత్తిన యువకులకు 5.6 గ్రాముల బీసీఏఏ ఇస్తే, ఏమీ లేని పానీయం తాగినప్పటి కంటే కండర ప్రోటీన్ తయారీ 22 శాతం పెరిగింది. డబ్బాలు అమ్మేవాళ్లకు ఈ అంకె చాలు. కానీ ఇంచుమించు అంతే బీసీఏఏ ఉన్న పాల ప్రోటీన్‌తో అంతకుముందు చేసిన ప్రయోగాల్లో కనిపించిన పెరుగుదలలో ఇది దాదాపు సగమేనని ఆ పరిశోధకులే రాశారు.

మా వాడి బరువు 60 కిలోలు. బరువులెత్తేవారిపై జరిగిన 49 ప్రయోగాలను, 1863 మందిని కలిపి 2018లో ఒక విశ్లేషణ వచ్చింది. కిలో శరీర బరువుకు రోజుకు సుమారు 1.6 గ్రాముల ప్రోటీన్ దాటాక కండ పెరుగుదలలో అదనపు లాభం కనిపించలేదు. ప్రోటీన్ అదనంగా తీసుకున్నవారికి తీసుకోనివారికంటే ఎక్కువగా వచ్చిన కొవ్వు లేని బరువు సగటున 0.3 కిలో మాత్రమే. పెరుగుదలలో చాలా భాగం బరువులెత్తడం వల్ల వచ్చిందే. వాడికి ఈ లెక్కన 96 గ్రాములు కావాలి. ఇద్దరం కాగితం తీసుకుని కూర్చున్నాం. రెండు జొన్న రొట్టెలకు 10 గ్రాములు, రోజుకు 200 గ్రాముల బియ్యంతో 15, కందిపప్పు 75 గ్రాములకు 16, పాలూ పెరుగూ కలిపి అర లీటరుకు 16, మూడు గుడ్లకు 18, గుప్పెడు పల్లీలకు 10, గుప్పెడున్నర బొబ్బర్ల గుడాలకు 12. మొత్తం 97! డబ్బా అవసరమే రాలేదు. పైగా జొన్నలో తక్కువైన లైసిన్‌ను కంది, బొబ్బర్లు తెస్తాయి. పప్పులో కొరవడే మెథియోనిన్ అనే మరో అత్యవసర అమైనో ఆమ్లాన్ని జొన్న, బియ్యం తెస్తాయి. రొట్టెలో పప్పు నంజుకు తినే అలవాటు మనకు ఎంత మేలు చేసిందో ఈ లెక్క చూసినప్పుడల్లా మనసు నిండిపోతుంది.

వే ప్రోటీన్ పొడి సంగతి వేరు. పాలు విరిచినప్పుడు మిగిలే తేటలోని ప్రోటీన్ అది, తొమ్మిదీ ఉంటాయి. తిండితో లెక్క కుదరనివాడికి పనికొస్తుంది. అయితే ప్రోటీన్‌ను నత్రజని కొలిచి లెక్కకట్టే పాత పద్ధతిని వాడుకుని, గ్లైసిన్ అనే చవకైన అమైనో ఆమ్లం కలిపి అంకె పెంచే మోసాలున్నాయి, జాగ్రత్త. కండ కోసం ప్రోటీన్ పొడులు వద్దని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో చెప్పింది. మూత్రపిండాల జబ్బున్నవాళ్లు వైద్యుణ్ని అడగకుండా ముట్టుకోకూడదు.

కాగితం మీద లెక్క ముగిశాక మావాడు, "మరి అమ్మమ్మకో?" అన్నాడు. నేను ఆలోచించని చోట వాడు ఆగాడు. మా అమ్మ బరువు 50 కిలోలు, వయసు 70 దాటింది. వయసు పైబడ్డ కండరానికి ల్యూసిన్ కేక సరిగా వినిపించదు. అందుకే పూటకు కిలోకు 0.4 గ్రాముల దాకా ప్రోటీన్ అవసరమని పరిశోధనలు సూచిస్తున్నాయి. అంటే ఆమెకు ఒక పూట 20 గ్రాములు కావాలి. రాత్రి ఆమె తినేది చారు అన్నం, పలచటి మజ్జిగ. ఏడు గ్రాములు కూడా రావు. ఆ రాత్రి అన్నంలోకి ముద్దపప్పు చేశాం, ఒక గుడ్డు ఉడకబెట్టాం. మజ్జిగ బదులు గడ్డపెరుగు పెట్టాం. భోజనానికి ముందు మావాడు ఆమె ఎదురుగా కూర్చుని, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవడం నేర్పించాడు. మొదటి రోజు నాలుగుసార్లు లేచింది.