మైనస్ తొమ్మిది వెనక కథ

పర్లాకిమిడిలో మా పక్కింటి అమ్మాయి బరంపురంలో ఎమ్మెస్సీ చదువుతోంది. సంక్రాంతి సెలవులకు వచ్చి కూడా ల్యాప్‌టాప్ వదల్లేదు. రాత్రంతా ఏదో లెక్క నడిపించి, పొద్దున్నే అరుగు మీదకు తెచ్చి నాకు ఒక అంకె చూపించింది. మైనస్ తొమ్మిది. నేలవేములో ఉండే ఆండ్రోగ్రాఫోలైడ్ అనే పదార్థం, క్షయ బ్యాక్టీరియాలోని ఇన్‌హెచ్ఏ అనే ప్రోటీన్‌ను ఎంత గట్టిగా పట్టుకోగలదో కంప్యూటర్ వేసిన అంచనా అది. మైనస్‌లో ఎంత కిందికి దిగితే పట్టు అంత గట్టిదని లెక్క. దీన్నే డాకింగ్ అంటారు.

పక్కనే బియ్యం ఏరుతున్న వాళ్ల మామ్మ తలెత్తి, "ఏటే, అయితే టీబీకి మందు దొరికేసినట్టేనా?" అంది.

ఆవిడ అలా అడగడంలో తప్పులేదు. మనం నేలవేము అంటాం, ఒడియావాళ్లు భూయినింబ అంటారు. రెండు పేర్లకూ అర్థం ఒకటే, చేదూ ఒకటే. ఇలాంటి కబురు వాట్సాప్‌కి ఎక్కేసరికి "మన పెరటి మొక్కతో క్షయ మాయం" అయి కూర్చుంటుంది. అప్పటికి ఆరు నెలల కోర్సులో రెండు నెలలు మింగి, దగ్గు తగ్గినవాడు మిగతా మాత్రలు అటకెక్కిస్తాడు. నా భయం అదీ. అందుకే ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో మొదటి నుంచీ చెప్పాలి.

ఈ కథలో మందు ముందు పుట్టింది, ప్రోటీన్ సంగతి చాలా తర్వాత తెలిసింది. 1912లో ప్రాగ్‌లో మేయర్, మాలీ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు ఐసోనియాజిడ్ తయారుచేశారు. అది దేనికి పనికొస్తుందో వాళ్లకు తెలియదు. నలభై ఏళ్లు అలా పడి ఉంది. 1952లో మూడు పెద్ద మందుల కంపెనీలు దాదాపు ఒకేసారి, ఎవరికి వారే, అది క్షయ క్రిమిని చంపుతుందని కనిపెట్టాయి. పేటెంట్ కోసం పరుగెత్తి చూస్తే పదార్థం 1912 నాటిది, ఎవరి సొంతమూ కాదు. చవగ్గా దొరకడానికి ఇది బాగా కలిసొచ్చింది.

అంతకుముందు క్షయ అంటే డబ్బున్నవాళ్లకు మదనపల్లె ఆరోగ్యవరం లాంటి శానటోరియం, లేనివాళ్లకు ఇంట్లో వెనకగది. 1956లో మద్రాసులో మొదలైన పరిశోధనలో, ఐసోనియాజిడ్‌తో పాటు పాస్ అనే ఇంకో మందు ఇస్తూ సగంమందిని శానటోరియంలో, సగంమందిని సొంత ఇళ్లలోనే ఉంచి చూశారు. ఏడాది తిరిగేసరికి రెండుచోట్లా ఫలితం ఇంచుమించు ఒకటే. మంచం కన్నా మాత్ర ముఖ్యమని తేలింది. ఈ రోజు పర్లాకిమిడిలోనో రాయగడలోనో రోగి ఇంట్లోనే ఉండి కోర్సు పూర్తి చేస్తున్నాడంటే దాని మూలం అక్కడుంది.

ఇంత చేసిన మాత్ర లోపలికెళ్లి ఏం చేస్తుందో మాత్రం నలభై ఏళ్లు ఎవరికీ సరిగ్గా తెలియలేదు. 1992లో క్యాట్‌జీ అనే ఎంజైమ్ సంగతి, 1994లో ఇన్‌హెచ్ఏ సంగతి బయటపడ్డాయి. 1995లో ఇన్‌హెచ్ఏ ఆకారం ఎక్స్‌రేలతో తేల్చారు. బ్యాక్టీరియా తన చుట్టూ కట్టుకునే మైనపు గోడకు కావలసిన పొడవాటి కొవ్వు ఆమ్లాల తయారీలో ఈ ప్రోటీన్ పని చేస్తుంది. అది ఆగితే గోడ లేవదు. 1998 నాటికి అసలు చిత్రం తెలిసింది. మనం మింగిన ఐసోనియాజిడ్ ఉన్నదున్నట్టుగా ఆ ప్రోటీన్‌కు అతుక్కోదు. బ్యాక్టీరియా సొంత ఎంజైమ్ క్యాట్‌జీ దాన్ని విరుస్తుంది. ఆ ముక్క అక్కడే ఉన్న ఎన్ఏడీ అనే మరో అణువుతో జతకడుతుంది. ఆ జత వెళ్లి ఇన్‌హెచ్ఏ గుంతలో కూర్చుంటుంది. మనం ఇచ్చింది ఇనుపముక్క. క్రిమి దాన్ని తానే తాళంచెవిగా సానబట్టి, తన తాళంలోనే ఇరికించుకుని చచ్చింది.

ఇది గుర్తొచ్చి, "అమ్మా, ఐసోనియాజిడ్‌కి కూడా ఓసారి డాకింగ్ చేసి చూడు" అన్నాను. అదెంతసేపు? టీ తాగేలోపు అయిపోయింది. మైనస్ అయిదు దగ్గరే ఆగింది. "ఇదేంటి మాస్టారూ, అసలు మందుకే ఇంత తక్కువా?" అని తెల్లబోయింది. ఆ డాకింగ్ అంకెలనే నమ్ముకుని ఉంటే లోకమంతా వాడుతున్న మందును మొదటి వడపోతలోనే అవతల పారేసేవాళ్లం.

అలాగని డాకింగ్‌ను తీసిపారేయను. దాని వెనకా పెద్ద చరిత్రే ఉంది. ప్రోటీన్ గొలుసు ఏయే వంపులు తిరగగలదో 1963లో మద్రాసులో రామచంద్రన్ బృందం గీసిన పటాన్ని నేటికీ వాడుతున్నారు. ప్రోటీన్ ఆకారాలు భద్రపరిచే డేటా బ్యాంక్ 1971లో ఏడంటే ఏడు ఆకారాలతో మొదలైంది. 1982లో శాన్ ఫ్రాన్సిస్కోలో కుంట్జ్ బృందం మొదటి డాకింగ్ ప్రోగ్రామ్ రాసింది. 1990లో ఆటోడాక్, 2010లో ఆటోడాక్ వీనా వచ్చాయి. రెండూ ఇప్పుడు ఉచితమే, మామూలు ల్యాప్‌టాప్ చాలు. మన దేశంలో సీఎస్ఐఆర్ అనే ప్రభుత్వ పరిశోధన సంస్థ 2008లో క్షయ మందుల కోసం ఓపెన్ సోర్స్ డ్రగ్ డిస్కవరీ అనే పథకం మొదలుపెట్టి విద్యార్థులను కూడా కలుపుకుంది. 2020 లాక్‌డౌన్‌లో ల్యాబ్‌లకు తాళాలు పడ్డాక ఎక్కడ చూసినా డాకింగే. ఖరీదైన మెషీన్లు లేని ఊళ్లో పిల్లలు ఇంత దూరం రాగలిగారంటే నాకు ముచ్చటే.

చిక్కు ఆ అంకెను చదవడంలో ఉంది. డాకింగ్ ఇచ్చే అంకె కిలోక్యాలరీల్లో ఉంటుంది. పట్టు పదిరెట్లు మారాలంటే 1.4 కిలోక్యాలరీల తేడా చాలు. ఈ ప్రోగ్రాముల అంచనాలో పొరపాటు రెండు మూడు కిలోక్యాలరీల దాకా ఉంటుంది. అంటే వందరెట్లు అటూ ఇటూ. మైనస్ తొమ్మిదికీ మైనస్ ఎనిమిదికీ మధ్య గెలుపోటములు తేల్చడం, కూరగాయల తక్కెడలో బంగారం తూచినట్టే.

పోనీ ప్రోటీన్‌ను నిజంగానే పట్టుకుంది అనుకుందాం. జీఎస్‌కే అనే మందుల కంపెనీ 1995 నుంచి 2001 దాకా బ్యాక్టీరియా ప్రోటీన్ల మీద 67 పెద్ద వడపోతలు నడిపింది, అవీ కంప్యూటర్‌లో కాదు, నిజం పదార్థాలతో. ముందుకు తీసుకెళ్లదగ్గవి తేలింది అయిదింటిలోనే అని 2007లో వాళ్లే రాశారు. విడిగా ప్రోటీన్‌ను ఆపిన పదార్థం బ్యాక్టీరియా గోడ దాటి లోపలికి పోలేకపోవడం ఈ దారిలో మామూలు దెబ్బ. మొండి క్షయకు 2012 చివర్లో అమెరికాలో అనుమతి పొందిన బెడాక్విలిన్ కూడా బతికున్న క్రిమి మీద పరీక్షిస్తేనే దొరికింది. అది ఏ ప్రోటీన్‌ను పడుతుందో తర్వాత తెలిసింది.

మరి ఇన్‌హెచ్ఏ వెంట ఇంకా ఎందుకు పడుతున్నారు? ఐసోనియాజిడ్‌కు లొంగని క్రిముల్లో ఎక్కువగా చెడేది క్యాట్‌జీ. సానబట్టే పనివాడే లేడు, తాళం మాత్రం అలాగే ఉంది. క్యాట్‌జీతో పని లేకుండా నేరుగా ఆ గుంతలో కూర్చునే పదార్థం దొరికితే ఆ రోగులకు దారి ఉంటుంది. కాబట్టి ఈ అమ్మాయి ఎంచుకున్న ప్రోటీన్ సరైనదే. నేలవేము సంగతి ఇంకా తేలాలి. ముందు విడిగా ప్రోటీన్ మీద, తర్వాత స్మెగ్మాటిస్ అనే పెద్దగా హాని చెయ్యని చుట్టం క్రిమి మీద, ఆ తర్వాత కట్టుదిట్టమైన ల్యాబ్‌లో అసలు క్రిమి మీద, ఆపైన ఎలుకల మీద. మనుషుల దాకా రావడానికి ఏళ్లు పడుతుంది.

అమ్మాయి రిపోర్టు తెరిచి, ఐసోనియాజిడ్ మైనస్ అయిదును కూడా పట్టికలో చేర్చింది. పేరులో ఉన్న "మందు" తీసేసి "పరీక్షించదగ్గ పదార్థం" అని పెట్టింది.

మామ్మ ఇదంతా వింటూనే ఉంది. బియ్యం చేట పక్కన పెట్టి ఫోన్ అందుకుంది. రాయగడలో ఉన్న తమ్ముడికి. ఆయనకు మూడో నెల నడుస్తోందని నాకు అప్పుడే తెలిసింది.

"ఒరే, ఆ కషాయం సంగతి తరవాత చూద్దాం. మాత్రలు మానీకు. ఒంటేలు ఎర్రగా వస్తే బెంగపెట్టుకోకు, అది మాత్ర రంగేనట."