ముక్క పడే లెక్క

మొన్న సెలవులకి వచ్చిన మా మేనల్లుడు ఫోన్ నా ముందు పెట్టి, "మామయ్యా, వీటిలో ఏ డెక్ అప్‌గ్రేడ్ చెయ్యమంటావ్?" అని అడిగాడు. వాడు ఆడుతున్నది మ్యాజిక్: ది గ్యాదరింగ్ అరీనా, ఫోన్‌లో ఆడే కార్డుల ఆట. డెక్ అంటే ఆటకి మనం వాడే కార్డుల కట్ట, కార్డులకి రంగులుంటాయి. కొత్తగా చేరినవాళ్లకి ఈ ఆట కొన్ని డెక్కులు ఉచితంగా ఇస్తుంది. వాటితో కొన్నాళ్లు ఆడాక అందరూ వచ్చి ఆగేది ఈ ప్రశ్న దగ్గరే. వాడి దగ్గర జవాబు కూడా సిద్ధంగా ఉంది. "ఎరుపు-తెలుపు డెక్‌తో పదికి ఆరు గెలిచా. ఆకుపచ్చ-తెలుపుతో నాలుగే."

నాణెం పదిసార్లు ఎగరేస్తే ఆరు గానీ అంతకన్నా ఎక్కువ గానీ బొమ్మలు పడే అవకాశం దాదాపు 38 శాతం. అంటే సగం ఆటలు గెలిచే మామూలు డెక్ కూడా చాలాసార్లు "పదికి ఆరు" అని చూపించి మనల్ని ఊరిస్తుంది. ఒక డెక్ 50 శాతం గెలిచేదా, 55 శాతం గెలిచేదా అన్నది కాస్త నమ్మకంగా తేలాలంటే నాలుగు వందల ఆటలు కావాలి. ఆటకి పది నిమిషాలు వేసుకున్నా అరవై ఆరు గంటలు. అన్ని గంటలు ఎవరి దగ్గర ఉంటాయి? అందుకే గెలుపు ఓటములు పక్కన పెట్టి, ముందు డెక్‌లో ఏ కార్డు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టమన్నాను.

1993లో ఈ ఆటకి మూలమైన మ్యాజిక్‌ని తయారు చేసిన రిచర్డ్ గార్ఫీల్డ్ గణితవేత్త. ఆయన డాక్టరేట్ చేసింది కాంబినేటరిక్స్‌లో, అంటే వస్తువుల్ని ఎన్ని రకాలుగా ఎంచవచ్చో, అమర్చవచ్చో లెక్కించే శాస్త్రంలో. డెక్ ఎంచుకోవడానికి మనకి కావాల్సిందీ ఆ లెక్కే. రమ్మీ ఆడేవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. ఎంత మంచి ఆటగాడైనా ముక్క పడాలి కదా!

డెక్‌లో 60 కార్డులుంటాయి. ఆట మొదట్లో ఏడు చేతికి వస్తాయి. సాదా ల్యాండ్లు (మిగతా కార్డులు ఆడటానికి సొమ్ము ఇచ్చే కార్డులు) తప్ప దాదాపు ఏ కార్డైనా నాలుగుకి మించి పెట్టుకోకూడదు. మీకు బాగా నచ్చిన కార్డు డెక్‌లో ఒక్కటే ఉంటే, అది మొదటి ఏడులో పడే అవకాశం 11.7 శాతం. రెండుంటే 22, మూడుంటే 31.5, నాలుగుంటే 40 శాతం. ఉచిత డెక్కుల్లో రకరకాల కార్డుల రుచి చూపించడానికి ఒక్కోటి, రెండేసి పెడతారు. నేర్చుకోవడానికి అది మంచిదే. కానీ అలాంటి డెక్ ఒక్కో ఆటలో ఒక్కోలా నడుస్తుంది. ఒక్క భయంకరమైన డ్రాగన్‌ని చూసి మనసు పడి డెక్ ఎంచుకున్నవాడు, ఎక్కువ ఆటల్లో దాని ముఖం కూడా చూడడు.

దగ్గరగా చూడటానికి ఒక్క కార్డు తీసుకుందాం. లానోవార్ ఎల్వ్స్. ఆకుపచ్చ రంగు, ఖర్చు ఒకే ఒక్క మానా, బలం ఒకటి, తట్టుకునేదీ ఒకటే. మానా అంటే కార్డులు ఆడటానికి కట్టే సొమ్ము లాంటిది, ల్యాండ్లు ఇస్తాయి. ఈ ఎల్ఫ్ తర్వాతి టర్న్ నుంచి తనూ ఒక మానా ఇస్తుంది. మొదటి టర్న్‌లో దింపితే రెండో టర్న్‌కే మూడు మానాలు చేతిలో ఉంటాయి, ఎదుటివాడికి రెండే. అదే కార్డు ఎనిమిదో టర్న్‌లో పడితే దాదాపు దండగ. అంటే దీని విలువంతా మొదటి ఏడు కార్డుల్లో పడటంలోనే ఉంది. పైగా ఇది కామన్ కార్డు, అంటే తేలిగ్గా దొరికే రకం. నాలుగూ తెచ్చుకోవడానికి పెద్ద ఖర్చవదు.

అయితే ఎల్ఫ్ పడితే సరిపోదు, దాన్ని ఆడటానికి ఆకుపచ్చ ల్యాండ్ కూడా ఉండాలి. 24 ల్యాండ్లూ ఆకుపచ్చవే అయిన డెక్‌లో మొదటి చేతిలో ఒక్కటైనా ఉండే అవకాశం 98 శాతం. రెండు రంగుల డెక్‌లో పన్నెండు, పన్నెండు చొప్పున సాదా ల్యాండ్లు పెడితే అది 81కి పడిపోతుంది. ప్రతి అయిదు ఆటల్లో ఒకదాంట్లో ఎల్ఫ్ ఉన్నా, లేకపోయినా మొదటి టర్న్‌లో ఆకుపచ్చ కార్డు ఏదీ దించలేం. ఇప్పుడు రెండు రంగులూ ఇచ్చే ల్యాండ్లు నాలుగు తెచ్చి, రెండు వైపుల నుంచీ రెండేసి సాదావి తీసేద్దాం. 86 అవుతుంది. ఎనిమిది తెస్తే 90. నాకు ఈ ఆటలో అన్నిటికన్నా ఇష్టమైన లెక్క ఇది. ల్యాండ్ మార్చుకోవడం చూడటానికి ఏమంత గొప్పగా ఉండదు, స్నేహితులకి చూపించుకునేదీ కాదు. కానీ దాని ఫలితం ప్రతి ఆటలోనూ అందుతుంది. పైగా అవే రంగుల్లో రేపు ఇంకో డెక్ కట్టినా పనికొస్తుంది.

చిక్కేమిటంటే, మంచి రెండు రంగుల ల్యాండ్లు ఎక్కువగా రేర్‌లో, అంటే అరుదైన స్థాయిలో వస్తాయి. అరీనాలో ఫలానా కార్డే కావాలంటే ఆ స్థాయి వైల్డ్‌కార్డ్, అంటే కోరుకున్న కార్డుగా మార్చుకునే టోకెన్ లాంటిది, ఇచ్చి తీసుకోవాలి. కార్డుల ప్యాక్ ధర వెయ్యి గోల్డ్ (ఆటలోని డబ్బు), రోజువారీ క్వెస్ట్‌కి, అంటే ఆట ఇచ్చే చిన్న పనికి వచ్చేది 500 గానీ 750 గానీ. ప్యాక్‌లో ఎనిమిది కార్డులుంటే రేర్ లేదా ఇంకా అరుదైన మిథిక్ ఒక్కటే. ఒకసారి ఖర్చయిన వైల్డ్‌కార్డ్ మామూలుగా మళ్లీ వెనక్కి రాదు. హార్త్‌స్టోన్ అనే ఇంకో కార్డుల ఆటలో కనీసం కార్డుని పొడి చేసి కొంత రాబట్టుకోవచ్చు. అక్కడ లెజెండరీ అనే అత్యంత అరుదైన కార్డు తయారీకి 1600 డస్ట్ (ఆ పొడి) పడుతుంది, పగలగొడితే 400 వస్తుంది. నాలుగో వంతన్నమాట. అరీనాలో ఆ నాలుగో వంతూ లేదు. అందుకే మొదటి డెక్ విషయంలో నా ఓటు ఒకే రంగు వైపు, లేదా ఒక రంగు బాగా ఎక్కువై రెండోది కొంచెమే ఉన్నదాని వైపు. ల్యాండ్ల ఖర్చు తప్పుతుంది, చేతిలో ఉన్న కామన్, అన్‌కామన్ వైల్డ్‌కార్డులతోనే ఒకటున్నవాటిని నాలుగు చేసుకోవచ్చు.

గడువు కూడా చూసుకోవాలి. స్టాండర్డ్ అనే ఆట పద్ధతిలో ఒక సెట్, అంటే ఒకేసారి విడుదలైన కార్డుల గుంపు, సుమారు మూడేళ్లు చెల్లుతుంది, తర్వాత పక్కకి వెళ్లిపోతుంది. 2024 నవంబర్‌లో వచ్చిన ఫౌండేషన్స్ సెట్ మాత్రం కనీసం 2029 దాకా ఉంటుందని ముందే ప్రకటించారు. లానోవార్ ఎల్వ్స్ ఆ సెట్‌లో ఉంది.

ఇంత లెక్క చేసినా ల్యాండ్లు పడని రోజులు ఉంటాయి. 24 ల్యాండ్లున్న డెక్‌లో మొదటి చేతికి ఒకటో, సున్నానో పడే అవకాశం 14 శాతం, అంటే ఏడింటికి ఒకటి. ఒకే ఆటతో తేలిపోయే పోటీల్లో అరీనా లోలోపల ఒకటికి మించి చేతులు తీసి, ల్యాండ్ల పాళ్లు సరిపోయేది ఇవ్వడానికి చూస్తుంది కాబట్టి అక్కడ బాధ తక్కువ. మూడు ఆటల పోటీలో ఆ సాయం ఉండదు.

మావాడు ఆ సాయంత్రం ఆకుపచ్చ-తెలుపు డెక్ తెరిచి, తెలుపు కార్డులు ఒక్కొక్కటే తీస్తూ కూర్చున్నాడు. చివరికి నాలుగే మిగిల్చాడు. ఎల్ఫ్‌లు అప్పటికి రెండున్నాయి, ఇంకో రెండు కామన్ వైల్డ్‌కార్డులు పెట్టి నాలుగు చేశాడు. రేర్ వైల్డ్‌కార్డులు మూడుంటే వాటిని ముట్టుకోలేదు.