రెడ్ వైన్‌ని ఫ్రిజ్‌లో పెట్టొచ్చా? మెన్సియా చుట్టూ అపోహలు - వాస్తవాలు

అపోహ: రెడ్ వైన్ చల్లబరచకూడదు, రూమ్ టెంపరేచర్‌లోనే తాగాలి.

మాద్రిద్‌లో నేను వైన్ సర్వీస్ చూసే రెస్టారెంట్‌లో ఈ మాట వినని వారం ఉండదు. మనవాళ్లే కాదు, స్పెయిన్ వాళ్లూ అంటారు. ఎవరి రూమ్ అండీ? ఆ మాట పుట్టిన రోజుల్లో యూరప్ ఇళ్లలో సెంట్రల్ హీటింగ్ లేదు, గదిలో 16-18 డిగ్రీలు ఉంటే గొప్ప. జూలైలో మాద్రిద్ 38 డిగ్రీలు చూస్తుంది. మే నెల విజయవాడ సంగతి నేను చెప్పక్కర్లేదు.

మెన్సియా లాంటి తేలికపాటి రెడ్‌కి ఈ అపోహ చేసే నష్టం అంతా ఇంతా కాదు. స్పెయిన్ వాయవ్య మూలన బియెర్సో, రిబెయ్‌రా సాక్రా ప్రాంతాల్లో పండే ద్రాక్ష ఇది. రిబెయ్‌రా సాక్రాలో సిల్ నది పక్కన కొండవాలు ఎంత నిటారుగా ఉంటుందంటే, కోత మొత్తం చేత్తోనే. ఆ చల్లటి చోటు నుంచి వచ్చే వైన్‌లో వగరు తక్కువ. చెర్రీ పండు వాసన, చురుకైన పులుపు, అదే దాని అందం. వేడెక్కితే ఆల్కహాల్ ఆవిరి ముందు ముక్కుకి కొడుతుంది, పండు వాసన దాని కింద పడిపోతుంది, పులుపు చప్పబడుతుంది. 13-15 డిగ్రీలు దీనికి సరి. బాగా వగరున్న రెడ్‌ని ఇంత చల్లబరిస్తే నాలుక పట్టేస్తుంది, అది వేరే సంగతి.

మొన్న వేసవిలో గుంటూరు నుంచి వచ్చిన ఒక పెద్దాయన, ఇక్కడే ఉద్యోగం చేస్తున్న కూతురితో టెర్రస్ మీద కూర్చున్నారు. ఎండలో సీసా అలాగే ఉండిపోయింది. ఒక గుక్క తాగి, "హోమియో మందులా కొడుతోందమ్మా" అని గ్లాసు పక్కకి నెట్టేశారు. ఐస్ అడుగుదామంటే ఆ అమ్మాయి, "వద్దు నాన్నా, రెడ్‌కి ఐస్ అడిగితే నవ్వుతారు" అంటోంది. తెలుగు వినబడి నేనే వెళ్లాను. బకెట్‌లో సగం ఐస్, సగం నీళ్లు పోసి సీసాని మెడదాకా ముంచాను. నీళ్లు లేకుండా ఉత్త ఐస్‌లో గుచ్చితే చల్లబడడం ఆలస్యం. పదిహేను నిమిషాలు ఆగి పోస్తే ఆయన గ్లాసు కిందపెట్టలేదు. దయచేసి టెన్షన్ పడకండి, బకెట్ అడిగితే ఎవరూ నవ్వరు. ఇంట్లో అయితే ఫ్రిజ్‌లో ఓ అరగంట, మండే ఎండాకాలమైతే ఇంకా ఎక్కువసేపు. ఫ్రీజర్‌లో పెట్టి మర్చిపోకండి, అంతే.

అపోహ: చేపలకి వైట్, మాంసానికి రెడ్.

స్పెయిన్ వాయవ్యంలోని గలీసియా సంతల్లో ఉడికించిన ఆక్టోపస్‌ని కత్తెరతో ముక్కలు చేసి, చెక్క పళ్లెంలో వేసి, రాళ్ల ఉప్పు, స్పెయిన్ మిరపపొడి చల్లి, ఆలివ్ నూనె పోసి ఇస్తారు. పక్కన పింగాణీ గిన్నెల్లో కుర్ర రెడ్, అంటే ఎక్కువకాలం నిల్వ ఉంచని రెడ్ వైన్, పోసుకుంటారు. వాళ్లకి ఈ రూలు ఎవరూ చెప్పలేదు. వగరు దండిగా ఉన్న రెడ్ కొవ్వు చేపతో కలిస్తే నీచుగా అనిపిస్తుంది నిజమే, మెన్సియాతో ఆ బాధ తక్కువ. పెద్దాయన మాత్రం ఎనిమిది కాళ్లదాన్ని ముట్టనన్నారు. దాని కిందున్న ఉడికించిన బంగాళాదుంపల్ని మిరపపొడి నూనెలో అద్దుకుని రెండు పళ్లేలు లాగించారు. బియెర్సోలో అయితే బొటీయో అని పొగబెట్టిన పంది మాంసం, క్యాబేజీ, దుంపలతో తింటారు. కాల్చి తొక్క తీసిన ఎర్ర క్యాప్సికం కూడా మెన్సియాకి బాగా కుదురుతుంది. మన కారం కూరలకి? 15 శాతం ఆల్కహాల్ ఉన్న బరువైన రెడ్ మంటని ఇంకా ఎగదోస్తుంది. చల్లటి మెన్సియా కాస్త నయం.

పాతబడేకొద్దీ రుచి పెరుగుతుందా? అన్నిటికీ కాదు. కుర్ర మెన్సియా రెండు మూడేళ్లలో తాగేయాల్సిందే. హైదరాబాద్ తీసుకెళ్లి వంటింటి అల్మారాలో కొడుకు పెళ్లి దాకా దాస్తే చేతికొచ్చేది పులిసిన నీళ్లు. రంగు పల్చగా ఉంటే నీళ్లు కలిపారని కూడా కాదు, ద్రాక్ష తొక్కలు రసంలో ఎంతసేపు నానాయన్నది ముఖ్యం.

గుండెకి మంచిదని వాట్సాప్‌లో తిరిగేదానికి నా దగ్గర ఓపిక లేదు. ఆల్కహాల్‌లో సురక్షితమైన మోతాదంటూ లేదని 2023 జనవరిలోనే డబ్ల్యూహెచ్‌ఓ చెప్పేసింది. మందనుకుని తాగేవాళ్లు డాక్టర్‌ని అడగండి, నన్ను కాదు.

సీసా సగం మిగిలితే బిరడా బిగించి ఫ్రిజ్‌లోనే నిలబెట్టండి, రెండు మూడు రోజులు ఢోకా లేదు.