సీసీఈ మార్కులు, టీచర్ల తృప్తి: అపోహలు - వాస్తవాలు

తెలంగాణలో హైస్కూల్ పిల్లలకు లెక్కలు చెప్తాను. సీసీఈ అంటే నిరంతర సమగ్ర మూల్యాంకనం, ఏడాది పొడవునా పిల్లల్ని గమనిస్తూ మార్కులు వేసే పద్ధతి. దాని గురించి, మా పని గురించి తరచూ వినబడే మాటలు కొన్ని చూద్దాం.

అపోహ: టీచర్లకు సీసీఈ అంటేనే గిట్టదు.

వాస్తవం: విసుగొచ్చేది దాని చుట్టూ పేరుకున్న రాతపనితో. ఏడాదికి నాలుగు ఎఫ్‌ఏలు (పాఠాలు సాగుతుండగా చేసే మదింపులు), రెండు ఎస్‌ఏలు (పెద్ద పరీక్షలు). ఒక్కో ఎఫ్‌ఏకి 20 మార్కులు: క్లాసులో పిల్లల ప్రతిస్పందనలు, రాత పనులు, ప్రాజెక్టు, స్లిప్ టెస్ట్ (చిన్న రాత పరీక్ష), ఐదేసి చొప్పున. మూడు సెక్షన్లు, సెక్షన్‌కు 40 మంది అనుకోండి, ఒక్క ఎఫ్‌ఏకే 480 సార్లు మార్కు వేయాలి, రిజిస్టర్‌లో ఎక్కించాలి, మళ్లీ ఆన్‌లైన్‌లో ఎంట్రీ చేయాలి, ఈలోపు సిలబస్ ఎక్కడిదక్కడే ఉంటుంది.

అపోహ: జీతం, పీఆర్‌సీ (వేతన సవరణ), దగ్గర్లో పోస్టింగ్ ఉంటే టీచరుకి ఇంకేం కావాలి?

వాస్తవం: అవి కావాలి, కాదనను. కానీ ఒక పాప 1/2 + 1/3 = 2/5 అని రాసిందనుకోండి. పైవి పైవి, కిందివి కిందివి కూడేసిందని చూడగానే తెలుస్తుంది. పక్కన కూర్చోబెట్టుకుని, సగం రొట్టెకి ఇంకొంచెం కలిపితే సగం కంటే తగ్గుతుందా అని అడిగితే, తన తప్పు తనే పట్టుకుంటుంది. ఈ ఉద్యోగంలో అసలు ఆనందం ఇదే! విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ అడిగేదీ ఇదే, పిల్లలకు ఎంత అర్థమైంది, దాన్ని ఎంత వాడగలరు అని. రిజిస్టర్‌లో మాత్రం అది 5కి 2 అయి కూర్చుంటుంది.

అపోహ: ఇంటర్నల్ మార్కులు ఊరికే వేసేవే.

వాస్తవం: నిజాయితీగా వేసేవాళ్లకు అదో పెద్ద టెన్షన్. పదో తరగతిలో 80 పరీక్షకు, 20 ఇంటర్నల్‌కు, అంటే ఎఫ్‌ఏల మార్కులకు. పక్క స్కూల్లో అందరికీ 20కి 20 పడుతుంటే, ఉన్నది ఉన్నట్టు 14 వేసిన టీచరు తన పిల్లలకే అన్యాయం చేసినట్టు నలిగిపోతారు. ఆంధ్రప్రదేశ్ 2019లో ఈ 20 తీసేసింది. ఇక్కడేమో 2024 నవంబరులో, ఎఫ్‌ఏలు సగం అయిపోయాక రద్దు అన్నారు, వెంటనే ఆ ఏడాదికి ఉంటాయన్నారు. విధానం ఇలా ఊగుతుంటే మనసుపెట్టి ఎలా చేస్తాం?

అపోహ: ట్రైనింగ్ ఇస్తే సరిపోతుంది.

వాస్తవం: ఏ కాలమ్‌లో ఏం నింపాలో చెప్పే ట్రైనింగ్ అయితే వద్దు. కాంప్లెక్స్ మీటింగ్‌కి (చుట్టుపక్కల స్కూళ్ల టీచర్లం కలిసే సమావేశానికి) పిల్లల నోట్‌బుక్కులు తెప్పించండి, ఒక్కో తప్పు ఎందుకు వస్తోందో సబ్జెక్టు టీచర్లందరం కూర్చుని మాట్లాడుకుంటాం. ఆన్‌లైన్ ఎంట్రీకి వేరే మనిషిని ఇవ్వండి.