సీజర్ సలాడ్‌లో టమాటా ఊట

సీజర్ సలాడ్‌లో టమాటా వెయ్యకూడదని పట్టుబట్టేవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్ల మాటలో పస లేకపోలేదు. టమాటాలో నూటికి 94, 95 పాళ్లు నీరే. ముక్కలు కోసి ఆకుల్లో కలిపిన కాసేపటికే ఆ నీరు గిన్నె అడుగుకి దిగుతుంది. ఆకుని చిక్కగా పట్టుకుని ఉండాల్సిన డ్రెస్సింగ్ (గుడ్డు సొన, నూనె, నిమ్మరసం కలిపి గిలక్కొట్టిన సాస్) పలచబడి జారిపోతుంది. కరకరలాడాల్సిన బ్రెడ్ ముక్కలు నాని మెత్తబడతాయి. అయినా టమాటా ఉండాలనే నేనంటాను. ఈ సలాడ్‌కి ప్రాణం లాంటి రుచి టమాటాలో పుష్కలంగా ఉంది, అందులో పెద్ద వాటా మనం పారబోసే ఆ నీళ్లలోనే ఉంది. దాన్ని అడుగుకి దిగనివ్వకుండా ముందే డ్రెస్సింగ్‌లోకి పంపేస్తే చాలు.

ముందు ఈ వంటకం పుట్టుక గురించి కొంచెం. ఇటలీ నుంచి వలస వచ్చిన సీజర్ కార్డినీ అనే ఆయన అమెరికా సరిహద్దుని ఆనుకుని ఉన్న మెక్సికో పట్టణం టిహువానాలో రెస్టారెంట్ నడిపేవాడు. అమెరికాలో 1920 నుంచి 1933 దాకా మద్యనిషేధం ఉండటంతో కాలిఫోర్నియా జనం తాగడానికీ తినడానికీ సరిహద్దు దాటి అక్కడికి వెళ్లేవాళ్లు. 1924 జూలై 4న జనం విరగబడి, వంటింట్లో సరుకులు నిండుకుంటే, మిగిలిన వాటితోనే కార్డినీ ఈ సలాడ్ చేశాడని ఆయన కూతురు రోసా చెప్పేది. అది తన చేతి వంటేనని ఆయన సోదరుడు అలెక్స్ అనేవాడు. ఎవరిదైనా సరే, మొదటి రూపంలో ఉన్నవి ఇవి: పొడవాటి రోమెయిన్ లెట్యూస్ ఆకులు, వెల్లుల్లి, నూనె, నిమిషం పాటు వేడినీళ్లలో ముంచి తీసిన గుడ్డు, నిమ్మరసం, పర్మేజాన్ చీజ్, వేయించిన బ్రెడ్ ముక్కలు, వూస్టర్ సాస్. టమాటా లేదు. ఇప్పుడు అందరూ వేసే ఆంచోవీ చేప కూడా విడిగా లేదు, ఆ చేప రుచి వూస్టర్ సాస్ నుంచే వచ్చేది. ఇంగ్లండ్‌లో పుట్టిన ఆ సాస్‌లో ఆంచోవీలతో పాటు మన చింతపండు కూడా ఉంటుంది. ఆంచోవీలంటే మనకి తెలియని చేపలేం కావు, కోస్తాలో నెత్తళ్లు అని పులుసు పెట్టేది ఆ కుటుంబం చేపల్నే.

ఇక టమాటా దగ్గరికి వద్దాం. కోసిన ముక్కల మీద ఉప్పు చల్లితే ముక్క బయట ఉప్పు గాఢత పెరుగుతుంది, కణాల లోపల తక్కువగా ఉంటుంది. ఆ తేడా తగ్గేదాకా కణాల్లోంచి నీరు పొర దాటి బయటికి వస్తూనే ఉంటుంది. ద్రవాభిసరణం అని బళ్లో చదువుకున్నది ఇదే. టమాటా నిల్వ పచ్చడి పట్టేవాళ్లకి ఇది పుస్తకం అక్కర్లేని చదువు. ముక్కలకి ఉప్పు పట్టించి రెండు మూడు రోజులు ఊరనిచ్చి, పిండి, ముక్కల్ని ఎండలో పెడతారు, ఊటని మాత్రం పారబోయరు. అందులోనే చింతపండు నానబెట్టి మళ్లీ పచ్చడిలో కలుపుతారు. సలాడ్‌కి కావలసింది అరగంట ఊట మాత్రమే. పావుకిలో బాగా పండిన టమాటాలు కోసి, అర టీస్పూను ఉప్పు కలిపి, చిల్లుల గిన్నెలో వేసి, కింద ఇంకో గిన్నె పెట్టండి. మూడు నాలుగు పెద్ద చెంచాల ఊట దిగుతుంది. గింజల చుట్టూ ఉండే జిగురుని కూడా చెంచాతో గీరి అదే గిన్నెలోకి వడకట్టండి.

ఆ జిగురు మీద నాకు ప్రత్యేకమైన అభిమానం. దానికి కారణం చెప్పాలంటే జపాన్ వెళ్లాలి. 1908లో టోక్యోలో కికునే ఇకెడా అనే రసాయన శాస్త్రవేత్త కొంబు అనే సముద్రపు నాచు కాచిన చారులో తీపి, పులుపు, ఉప్పు, చేదు కాని మరో రుచి ఉందని గమనించి, దానికి మూలం గ్లుటామేట్ అని తేల్చాడు. ఆ రుచికి ఉమామి అని పేరు పెట్టాడు. 1913లో ఆయన శిష్యుడు షింతారో కొడామా ఎండబెట్టిన బొనీటో చేపలో ఇనోసినేట్ అనే ఇంకో ఉమామి పదార్థాన్ని పట్టుకున్నాడు. అసలు విశేషం ఆ తర్వాత అకిరా కునినాకా కనిపెట్టాడు. ఈ రెండూ విడివిడిగా ఇచ్చే రుచిని కూడితే వచ్చే దానికంటే, కలిసినప్పుడు వచ్చే రుచి ఎన్నో రెట్లు ఎక్కువగా ఉంటుంది. నాలుక మీద ఉమామిని గుర్తించే గ్రాహకానికి గ్లుటామేట్ అతుక్కున్నాక, ఇనోసినేట్ పక్కనే చేరి ఆ పట్టు సడలకుండా చేస్తుంది.

సీజర్ సలాడ్ జాబితాని ఇప్పుడు ఇంకోసారి చూడండి. పర్మేజాన్‌ని కనీసం ఏడాది పాటు మాగబెడతారు. ఆ కాలమంతా పాల ప్రోటీన్ విరిగి అమైనో ఆమ్లాలుగా మారుతూ ఉంటుంది, కాబట్టి నూరు గ్రాముల చీజ్‌లో గ్రాముకి పైగానే గ్లుటామేట్ పోగవుతుంది. వూస్టర్ సాస్‌లోని చేపలో ఇనోసినేట్ ఉంది. రుచి శాస్త్రం తెలియకుండానే కార్డినీ ఆ రెంటినీ ఒక గిన్నెలో పడేశాడు. టమాటాలో కూడా గ్లుటామేట్ ఉంటుంది, కాయ పండేకొద్దీ పెరుగుతుంది. 2007లో ఇంగ్లండ్‌లోని రీడింగ్ విశ్వవిద్యాలయం వాళ్లు కండనీ గింజల చుట్టూ ఉండే జిగురునీ విడివిడిగా పరీక్షిస్తే, గ్లుటామేటూ దానికి తోడయ్యే న్యూక్లియోటైడ్లూ (ఇనోసినేట్ కోవకి చెందిన పదార్థాలు) జిగురులోనే బాగా ఎక్కువని తేలింది. గింజలు తీసేసి కండ మాత్రమే వాడమని చెప్పే వంటల పుస్తకాలు ఈ విషయంలో మనకి అన్యాయమే చేస్తున్నాయి.

చేప తినని ఇళ్లలో ఆ చేపకి బదులు టమాటా జిగురు కొంతవరకు పనికొస్తుంది. అలాంటివాళ్లు ఇంకో రెండు విషయాలు చూసుకోవాలి. వూస్టర్ సాస్‌లో చేప ఉంటుంది. అసలైన ఇటలీ పర్మేజాన్‌లో పాలు విరగడానికి దూడ కడుపు నుంచి తీసిన రెనెట్ వాడతారు. ఆకుపచ్చ చుక్క ఉన్న, సూక్ష్మజీవుల రెనెట్‌తో చేసిన చీజ్ తీసుకుంటే సరి.

డ్రెస్సింగ్‌కి ఆధారం గుడ్డు సొన. హైదరాబాద్ వాళ్లకి ఇక్కడ చిన్న టెన్షన్ రావడం సహజం. పచ్చి గుడ్లతో చేసే మయోనైజ్ తయారీని, నిల్వని, అమ్మకాన్ని తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30 నుంచి ఏడాది పాటు నిషేధించింది. సీజర్ డ్రెస్సింగ్ కూడా మయోనైజ్ జాతిదే. కడుపుని పాడుచేసే సాల్మోనెల్లా బాక్టీరియా గుడ్డు పెంకు మీదే ఉంటుందనుకుంటాం, కానీ కోడి అండాశయంలోనే ఉండి సొన లోపలికి చేరే రకం కూడా ఉంది, కాబట్టి పెంకు కడిగినంత మాత్రాన భయం తీరదు. కార్డినీ పద్ధతిలో నిమిషం పాటు వేడినీళ్లలో ముంచితే పెంకు కింద తెల్లసొన కాస్త వేడెక్కుతుంది, పచ్చసొన మాత్రం చల్లగానే ఉంటుంది. నిమ్మరసం పిండాం కదా, క్రిములు చచ్చుంటాయి అనుకోవడం కూడా ప్రమాదమే. పులుపు ఆ పని చెయ్యడానికి చాలా సమయం పడుతుంది, అప్పుడు కూడా గ్యారంటీ లేదు.

మంచి దారి ఒకటుంది, అందులోనూ టమాటా ఊటే సాయం చేస్తుంది. ఒంటి పచ్చసొన 65 డిగ్రీలు దాటితే గట్టిపడటం మొదలవుతుంది. అందులో నీళ్లూ పులుపూ కలిపితే ప్రోటీన్ అణువులు దూరం దూరంగా జరిగి, ఒకదాన్నొకటి పట్టుకోవడానికి ఇంకా ఎక్కువ వేడి అవసరమవుతుంది. ఆ వెసులుబాటుని మనం వాడుకోవచ్చు. ఒక పచ్చసొనకి రెండు పెద్ద చెంచాల ఊట, ఒక పెద్ద చెంచా నిమ్మరసం కలిపి, ఉడుకుతున్న నీళ్ల గిన్నె మీద ఇంకో గిన్నె పెట్టి ఆపకుండా తిప్పుతూ 71 డిగ్రీల దాకా తీసుకెళ్లాలి. ఆ వేడికి సాల్మోనెల్లా బతకదు. వంటింటి థర్మామీటర్ నాలుగైదు వందలకే దొరుకుతుంది, గుడ్డు విషయంలో ఊహ మీద ఆధారపడకుండా అది కొనుక్కోమనే చెబుతాను. వేడి అందగానే గిన్నెని చల్లటి నీళ్లలో పెట్టేయాలి, లేకపోతే సొన విరిగి పలుకులు పలుకులుగా అవుతుంది.

ఇప్పుడు నూనె. నూనె, నీరు కలవవని అందరికీ తెలుసు. బలంగా గిలక్కొడితే నూనె చిన్న చిన్న బిందువులుగా విడిపోతుంది గానీ, కాసేపటికి అవి ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి మళ్లీ పైకి తేలుతాయి. పచ్చసొనలో లెసిథిన్ అనే పదార్థం ఉంటుంది. దాని అణువుకి ఒక కొస నూనెని ఇష్టపడుతుంది, రెండో కొస నీటిని ఇష్టపడుతుంది. ప్రతి నూనె బిందువు చుట్టూ ఈ అణువులూ, వాటికి తోడు సొనలోని ప్రోటీన్లూ చేరి, బిందువులు ఒకదాంట్లో ఒకటి కలవకుండా అడ్డుపడతాయి. ఎమల్షన్ అంటే ఇదే. ఒక పెద్ద చెంచా నూనెని మిల్లీమీటరులో నూరో వంతు వెడల్పున్న బిందువులుగా విడగొడితే లెక్కకి సుమారు 2,800 కోట్ల బిందువులు వస్తాయి. వాటి మధ్య సన్నటి సందుల్లో ఇరుక్కున్న నీరు ఎటూ పారలేదు. రెండు పలచటి ద్రవాలు కలిసి చిక్కటి డ్రెస్సింగ్ కావడానికి కారణం అదే.

మొదట్లో నూనెని చుక్కలు చుక్కలుగానే పొయ్యాలి. ఒక్కసారి ఎక్కువ పోస్తే బిందువులన్నిటి చుట్టూ చేరే వ్యవధి లెసిథిన్‌కి దొరకదు, మిశ్రమం విరిగిపోతుంది. విరిగితే పారబోయక్కర్లేదు. వేరే గిన్నెలో చెంచాడు టమాటా ఊట తీసుకుని, విరిగినదాన్ని కొంచెం కొంచెంగా అందులో పోస్తూ గిలక్కొడితే మళ్లీ కలుస్తుంది. చాలాసార్లు విరగడానికి కారణం సొన చాలకపోవడం కాదు, నీరు చాలకపోవడం. నూనె పెరిగేకొద్దీ బిందువుల మధ్య ఉండాల్సిన నీరు తక్కువైపోతుంది. టమాటాని ఈ వంటకానికి శత్రువుగా చూసేవాళ్లు ఈ ఒక్క విషయం గమనించాలని నా కోరిక. గిన్నె అడుగున చేరితే పాడుచేసే నీరే ఇక్కడ డ్రెస్సింగ్‌ని నిలబెడుతోంది.

ఈ కొలతకి ఎనభై నుంచి నూరు మిల్లీలీటర్ల నూనె పడుతుంది. ఎక్స్‌ట్రా వర్జిన్ ఆలివ్ నూనె మొత్తం మిక్సీలో తిప్పొద్దు. దానిలోని పాలీఫినాల్స్ అనే పదార్థాలు మిక్సీ బ్లేడు దెబ్బకి నూనెలోంచి నీటిలోకి చేరి చేదెక్కుతాయి. వాసన లేని రిఫైన్డ్ నూనెతో డ్రెస్సింగ్ చేసుకుని, చివర్లో రెండు చెంచాల ఆలివ్ నూనె చేత్తో కలిపితే సువాసన మిగులుతుంది, చేదు ఉండదు.

వెల్లుల్లి ఘాటు మన చేతిలోనే ఉంది. నలగని రెబ్బకి పెద్దగా వాసన ఉండదు. అల్లిన్ అనే పదార్థం ఒకచోట, అల్లినేజ్ అనే ఎంజైము మరోచోట ఉంటాయి. దంచినప్పుడు అవి రెండూ కలిసి ఘాటైన అల్లిసిన్ పుడుతుంది. గాఢమైన పులుపు ఆ ఎంజైముని ఆపేస్తుంది. అందుకని రెబ్బని నిమ్మరసంలోనే దంచితే మృదువుగా ఉంటుంది, విడిగా దంచి పది నిమిషాలు ఆగి కలిపితే ముక్కుకి తగులుతుంది. నాకు మొదటిదే ఇష్టం, ఎందుకంటే పచ్చి వెల్లుల్లి ఘాటు టమాటా వాసనని పూర్తిగా కప్పేస్తుంది.

ఆ టమాటా వాసన కాపాడుకోవాలంటే పండిన కాయల్ని ఫ్రిజ్‌లో పెట్టకూడదు. 12 డిగ్రీల కంటే చల్లబడితే వాసన పదార్థాల్ని తయారుచేసే జన్యువుల పని మందగిస్తుంది. 2016లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయం పరిశోధకులు కాయల్ని వారం పాటు 5 డిగ్రీల దగ్గర ఉంచి, తర్వాత బయట పెట్టినా పోయిన వాసన పూర్తిగా తిరిగి రాలేదని చూపించారు. మదనపల్లె మార్కెట్ నుంచి దూర ప్రాంతాలకి వెళ్లే హైబ్రిడ్ కాయలకి తొక్క మందం, కండ గట్టి. ముక్కలు విడిపోకుండా నిలుస్తాయి కాబట్టి అవి సలాడ్ పైన వెయ్యడానికి బాగుంటాయి. ఊటకి మాత్రం పుల్లటి నాటు టమాటాకి సాటి లేదు. రెండూ చెరిసగం తీసుకోవడం మంచిది.

లెట్యూస్ గురించి ఎక్కువ చెప్పేది లేదు. ఎండలు ముదిరితే ఈ మొక్క పూతకొచ్చి ఆకు చేదెక్కుతుంది, కాబట్టి మన దగ్గర చలికాలం ఆకే రుచి. వాడిన ఆకుల్ని ఐసు నీళ్లలో పావుగంట ముంచితే కణాలు నీరు పీల్చుకుని బిగుసుకుంటాయి. తర్వాత గుడ్డతో పూర్తిగా తుడవాలి, తడి ఆకు మీద డ్రెస్సింగ్ నిలవదు. ఆకు మీద ఉండే మైనపు పొర నీటిని అడ్డుకోగలదు గానీ నూనెని అడ్డుకోలేదు. నూనె లోపలికి ఇంకి ఆకు నల్లబడి వాలిపోతుంది. ఎమల్షన్‌లో నూనె బిందువుల చుట్టూ నీరు ఉంటుంది కాబట్టి ఆ నష్టం కాస్త నెమ్మదిస్తుంది, ఆగిపోదు.

నూనె, గుడ్డు ఎందుకు, నిమ్మరసం పిండుకుని తింటే ఆరోగ్యం కదా అని అడిగేవాళ్లున్నారు. టమాటాకి ఎరుపునిచ్చే లైకోపీన్, ఆకుల్లోని బీటా కెరోటిన్ నీటిలో కరగవు, కొవ్వులోనే కరుగుతాయి. 2004లో అచ్చయిన ఒక అమెరికన్ పరిశోధనలో కొవ్వు లేని డ్రెస్సింగ్‌తో సలాడ్ తిన్నవాళ్ల రక్తంలోకి ఈ కెరోటినాయిడ్లు దాదాపుగా చేరనే లేదు, కొవ్వు ఉన్న డ్రెస్సింగ్‌తో తిన్నప్పుడు చేరాయి. 2015లో పర్డ్యూ విశ్వవిద్యాలయం వాళ్లు పచ్చి కూరల సలాడ్‌కి వండిన గుడ్లు జోడించి చూసినా అలాంటి ఫలితమే వచ్చింది.

తినే ముందు మాత్రమే కలపండి. ఆరిన ఆకుల్ని పెద్ద గిన్నెలో వేసి, సగం డ్రెస్సింగ్ పోసి చేత్తో ప్రతి ఆకుకీ పట్టించి, తురిమిన పర్మేజాన్ ముప్పై గ్రాములు చల్లండి. చీజ్‌లో, ఊటలో ఉప్పు ఉంది కాబట్టి ఇంకా ఉప్పు వెయ్యక్కర్లేదు. ఊట దిగిపోయిన టమాటా ముక్కలు, నూనెలో ఎర్రగా వేగిన బ్రెడ్ ముక్కలు అన్నిటికంటే చివర, ఒకదాని మీద ఒకటి పడకుండా వెయ్యాలి. మిగిలిన డ్రెస్సింగ్‌ని సీసాలో పోసి వెంటనే ఫ్రిజ్‌లో పెట్టి, రెండు మూడు రోజుల్లో వాడేసుకోండి.